ఎడమచేతి స్టీరింగు

జూన్ 3, మంగళవారం

బెన్నీ మళ్ళీ కార్ల ఫోటోలు పంపాడు. తెల్లదీ, బూడిదరంగుదీ, ఎర్రదీ, ఇంకో తెల్లదీ. నా కంటికి అన్నీ నాలుగు చక్రాలూ ఒక టాపూ. ఈయన మాత్రం ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దినట్టు ఒక్కొక్కదాన్నీ పెద్దది చేసి చూస్తున్నారు. మార్కులు మాత్రం ఎవరికీ వెయ్యలేదు.

బెన్నీది అమలాపురం పక్కన నగరమనే ఊరే. రష్యా పక్కనున్న జార్జియా దేశానికి డాక్టరు చదవడానికి వెళ్ళి, ఇప్పుడు అక్కడికొచ్చే మనవాళ్ళకి కార్లు అద్దెకిస్తున్నాడు. చదువేమైందని నేను అడగలేదు. వాళ్ళమ్మ కూడా అడగడం మానేసిందట. మాట మాత్రం తేనె. "మీరు ఏది చెప్తే అది ఎయిర్‌పోర్టు గుమ్మంలో పెట్టేస్తానాంటీ, ఆయ్. మీరు దిగడం, తాళం తీసుకోవడం, పోనివ్వడమేనండి" అన్నాడు.

పోనివ్వడం. నాకు కావలసింది అదే. మస్కట్ ఆసుపత్రి కిటికీలోంచి ఇన్నేళ్ళూ ఇసకే చూశాను. సెప్టెంబరులో మంచుకొండ చూడాలి. మా అమ్మాయి షైనీ పెళ్ళి అయిపోయింది, ఈయన హెడ్మాస్టరు ఉద్యోగం అయిపోయింది, నా నర్సు ఉద్యోగమూ అయిపోయింది. ఒక కారు, అందులో మేమిద్దరం, అంతే. షైనీ ఉండదు, చుట్టాలుండరు, డ్రైవరు కూడా ఉండడు.

నేను అమలాపురం వచ్చేసి ఏడాది దాటింది. అంతకు ముందు సెలవుకి వచ్చే చుట్టాన్ని. చుట్టంతో బాగానే ఉండేవారు. ఇప్పుడు రోజంతా ఒకరికొకరు ఎదురుపడుతున్నాం. ఏం మాట్లాడాలో తెలీక "కాఫీ తాగుతారా" అని పూటకి నాలుగుసార్లు అడుగుతున్నాను. ఆయన నాలుగుసార్లూ తాగుతున్నారు. మేం మొగుడూ పెళ్ళాలమా, ఒకే ఇంట్లో దిగిన ఇద్దరు రిటైరైనవాళ్ళమా అన్నది ఈ ప్రయాణంలో తేలిపోవాలి. తేలకపోతే ఇంకెప్పటికీ తేలదని నా భయం.

జూన్ 5

ఎర్ర కారు అనుకున్నాం.

జూన్ 6

ఎర్ర కారు కాదట. ఎందుకు కాదో చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

షైనీ హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, అంత దూరం ఎందుకు, శ్రీలంక వెళ్ళండి. అక్కడ కార్లూ రోడ్లూ అన్నీ మనలాగే ఉంటాయి. నాన్నకి చెయ్యి అలవాటు" అంది. నాకు నచ్చింది. కొండలు అక్కడా ఉన్నాయి, మంచు లేకపోతే పోయె. స్పీకరు పెట్టి ఆయనకి వినిపించాను.

"శ్రీలంక వద్దు" అన్నారు.

"ఏం నాన్నా?"

"అక్కడ కూడా స్టీరింగు మనలాగే కుడి పక్కే కదమ్మా."

"అందుకే కదా చెప్తున్నాను!"

"అందుకే వద్దంటున్నాను" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

ముప్ఫై ఏళ్ళు కుడి పక్క కూర్చుని నడిపిన మనిషి, కుడి పక్క స్టీరింగు ఉన్న దేశం వద్దంటాడు. ఇందులో అర్థం చేసుకోవడానికి ఏదైనా ఉందా? షైనీ కూడా "నాన్న కొంచెం తేడాగా ఉన్నారమ్మా" అని పెట్టేసింది. తేడాగా ఉన్నది నాన్నో, నాన్నతో వేగలేని నేనో.

నాకేం కోపం లేదు.

జూన్ 12

పొద్దున్న పి.గన్నవరం వెళ్ళొచ్చాం, రత్నకాంతం వదిన మనవరాలి పుట్టినరోజు ప్రార్థన కూడికకి. వచ్చేటప్పుడు బజార్లో కొబ్బరికాయల ట్రాక్టరు ఆగి ఉంటే మన కారు ఎడమ అద్దం దానికి రాసుకుని విరిగిపోయింది. ట్రాక్టరు కదల్లేదు, మెదల్లేదు. ఏనుగంత ఉంది. "మీకు కనపడలేదా ఏంటండీ" అన్నాను. "అది అడ్డంగా పెట్టేడు" అన్నారు. అడ్డంగా ఏం పెట్టలేదు. ట్రాక్టరతను కూడా అదే అన్నాడు, చాలా మర్యాదగా. "అయ్యగారూ, నేను పొద్దున్నించీ ఇక్కడే ఉన్నానండి" అన్నాడు.

అంతకు ముందు అక్విడక్టు వంతెన మీద వస్తుంటే కింద గోదావరి తళతళ మెరుస్తోంది. "చూడండి, చూడండి" అని భుజం తట్టాను. "ఊఁ" అన్నారు. తల తిప్పలేదు. నా కేసి కూడా తిప్పలేదు. కొత్తగా కట్టిన నీలం చీర, తలలో పూలు, ఏమీ చూడలేదు. కారు ఎక్కినప్పట్నించీ దిగేదాకా ఒక్కసారైనా నా మొహం చూడని మనిషితో జార్జియా వెళ్ళి నేనేం చెయ్యాలి?

జూన్ 19, గురువారం

ఇవాళ గొడవైంది. రాస్తే తేలికవుతుందేమో.

బెన్నీ ఫోన్ చేసి మంచి మాటే చెప్పాడు. జపాను నుంచి వచ్చిన పాత కార్లు కొన్ని తన దగ్గర ఉన్నాయట, వాటికి స్టీరింగు మనలాగే కుడి పక్క ఉంటుందట. "అద్దె కూడా తక్కువేనండి. సారుకి చెయ్యి అలవాటు. కాకపోతే రోడ్డుకి కుడి పక్కన నడపాలండి ఇక్కడ. ముందు బండిని దాటేటప్పుడు కొంచెం ఇబ్బంది, మిగతాదంతా మన కారేనండి" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. దేవుడే పంపాడనుకున్నాను. పరుగున వెళ్ళి చెప్పాను. వరండాలో పేపరు చదువుతున్నారు. నేను ఎడమ పక్కన నిలబడి చెప్పడం మొదలెడితే ఉలిక్కిపడ్డారు, దొంగ వచ్చినట్టు.

"వద్దు. ఎడమచేతి స్టీరింగే కావాలి."

"ఎందుకండీ?"

"కావాలి."

"జీవితంలో ఒక్కసారైనా ఎడమ పక్క కూర్చుని నడిపేరా మీరు?"

"నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా? కొండల్లోనా?"

"దీనా, ఈ ఒక్క విషయం నాకు వదిలెయ్. రంగు నువ్వే చెప్పు. సైజు నువ్వే చెప్పు."

రంగట! పెళ్ళికి వెళ్ళే చిన్నపిల్లకి రిబ్బను రంగు అడిగినట్టు. "నడిపేవాడి పక్కన కూర్చునేది నేను. ఎక్కడ కూర్చుంటానో చెప్పుకునే హక్కు నాకు లేదా?" అన్నాను. ఆ మాటకి ఆయన మొహం ఎలాగో అయిపోయింది. తిట్టలేదు. పేపరు మడిచి, "ఉంది, ఉంది కాబట్టే" అని ఆగిపోయారు. ఉంది కాబట్టే ఏమిటో చెప్పలేదు. నాకు తెలియని ఒక కారణం ఆయన దగ్గర ఉంది. అదే నాకు నచ్చడం లేదు. ఇన్నేళ్ళు దూరంగా ఉన్నప్పుడు నాకు చెప్పకుండా ఎన్ని దాచుకునే అలవాటు చేసుకున్నారో.

నాకేం కోపం లేదు. భోజనానికి పిలవలేదు, అంతే. ఆయనే వచ్చి తిన్నారు.

జూన్ 24

భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ మార్చారు. ఎప్పుడూ కిటికీ పక్కన, ఆయనకి ఎడమ చేతి వైపు కూర్చునేదాన్ని. ఇవాళ చూస్తే నా కంచం అవతలి వైపు పెట్టి ఉంది. "ఇక్కడ గాలి వస్తుంది" అన్నారు. ఫ్యాను కింద నుంచి తీసి, ఫ్యాను తగలని చోట పెట్టి గాలి వస్తుందంటారు. పప్పు ఎక్కువ కారంగా ఉందని మాత్రం అన్నాను. పప్పు వండింది నేనే.

జూలై 2

అంతర్జాతీయ లైసెన్సుకి రవాణా ఆఫీసుకి వెళ్ళాలి. డాక్టరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలట. పది రోజులుగా చెప్తున్నాను. మొన్న వర్షం అన్నారు. నిన్న సర్వరు పనిచెయ్యడం లేదన్నారు. ఇవాళ, "ఆ డాక్టరు ఊళ్ళో లేరు" అన్నారు. ఆ డాక్టరుగారిని నేను పొద్దున్నే కూరగాయల బజార్లో చూశాను. దోసకాయలు బేరమాడుతున్నారు.

ఏది నిజమో నాకు తెలియడం లేదు. ఒక రోజు కారు ఎలా ఉంటే బావుంటుందో గంటలు గంటలు చూస్తారు. మర్నాడు వెళ్ళాలనే లేనట్టు ఉంటారు. రావాలని ఉందా లేదా అని అడగాలనుకుంటాను. లేదంటారేమోనని అడగను.

జూలై 6, ఆదివారం

నిన్న రాజమండ్రి వెళ్ళారు. రిటైర్డు ఉపాధ్యాయుల మీటింగట. తన కారుండగా బస్సులో వెళ్ళారు. సాయంత్రం వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెలుగు చూడలేక చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు. "ఏమైంది" అంటే "ధూళి పడింది" అన్నారు. నర్సుని కదా, చన్నీళ్ళతో కడుక్కోమన్నాను. కడుక్కుని పడుకున్నారు.

ఇవాళ చర్చిలో ఆడవాళ్ళందరూ నా కేసి ఒక రకంగా చూశారు, జాలిగా. రత్నకాంతం వదిన చెయ్యి పట్టుకుని "ధైర్యంగా ఉండు వదినా" అంది. దేనికని అడిగితే "అన్నిటికీ" అని వెళ్ళిపోయింది. శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థనకి నేను వెళ్ళడం మానేసి చాలా రోజులైంది. అక్కడ ప్రార్థనకన్నా కబుర్లెక్కువ. ఇప్పుడు వాళ్ళ కబుర్లలో నేనే ఉన్నట్టున్నాను.

ఏం తెలుసు వాళ్ళకి? రాజమండ్రిలో ఏముంది? ఇన్నేళ్ళు ఒంటరిగా ఉన్న మగవాడు. ఛీ, ఏం రాస్తున్నాను. ఆయన అలాంటివారు కాదు. కాదనే అనుకుంటున్నాను.

జూలై 11

"ఎడమచేతి స్టీరింగు దొరక్కపోతే వెళ్ళొద్దు" అన్నారు.

"దొరుకుతుంది. అక్కడ అన్నీ అవే" అన్నాను.

"అయితే వెళ్దాం" అన్నారు.

ఇలా ఉంది మా సంభాషణ.

జూలై 17

బెన్నీకి ఫోన్ చేసి అన్నీ ఆపెయ్యమని చెప్పాను. "అయ్యో, ఏమైందాంటీ, నేనేమైనా తప్పుగా మాట్లాడేనా అండి?" అన్నాడు. లేదు బాబూ, మాకే కుదరడం లేదన్నాను. పెట్టేశాను.

ఈయనకి చెప్పాను, ఆపేశానని. ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. మంచం మీద కూలబడిపోయారు. "ఎందుకు ఆపేవు? నేను వస్తానన్నాను కదా. లైసెన్సు సంగతి చూస్తానన్నాను కదా" అన్నారు. ఆయనే మళ్ళీ బెన్నీకి ఫోన్ చేసి, ప్రయాణం ఆపొద్దని చెప్పారు. అంతటితో ఆగలేదు. పాస్టరుగారికి కూడా ఫోన్ చేసి, 26న ఇంట్లో ప్రయాణ ప్రార్థన పెట్టమన్నారు. సంఘాన్నంతా పిలవమన్నారు.

కారు తేలలేదు. లైసెన్సు లేదు. ప్రార్థన మాత్రం ఖాయం. నాకు నవ్వాలో ఏడవాలో తెలీక మినపప్పు ఏరడానికి కూర్చున్నాను. వచ్చేవాళ్ళకి గారెలు ఉండాలి కదా.

జూలై 26, శనివారం

ఇవాళ రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

వరండా నిండా కుర్చీలు వేశాం. సంఘమంతా వచ్చింది. పాట అయింది, వాక్యం అయింది. పాస్టరుగారు లేచి, "ఇప్పుడు మన ప్రభాకరరావుగారి కుటుంబం గురించి అందరం ఏకమనసుతో ప్రార్థన చేద్దామండి" అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. విమానం గురించి అడిగారు, వాతావరణం గురించి అడిగారు, కొత్త దేశంలో మంచి మనుషులు ఎదురవ్వాలని అడిగారు. నేను ప్రతిదానికీ ఆమెన్ అంటున్నాను.

"తండ్రీ, నీ దాసుని ఎడమ కంటిని ముట్టు. డాక్టర్లు ఇంక చూపు తిరిగి రాదని చెప్పినా, నీకు అసాధ్యమైనది లేదు ప్రభువా. కుడి కన్నునైనా కాపాడు. ఆ నీటికాసుల జబ్బుని నీ చేతికి అప్పగిస్తున్నాం తండ్రీ."

"ఆమెన్" అని సంఘమంతా అంది.

నేను కూడా అన్నాను. అలవాటు మీద నోరు అనేసింది. అప్పుడు కళ్ళు తెరిచాను. ఈయన ఎప్పుడో తెరిచారు. నా కేసే చూస్తున్నారు, మొహంలో రక్తం లేదు. నాకు కుడి పక్కనున్న రత్నకాంతం వదిన కళ్ళు మూసుకునే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నా దగ్గరికి వచ్చి, "ధైర్యంగా ఉండండమ్మా, ఆడవాళ్ళు అన్ని శుక్రవారాలూ ఉపవాసం ఉంటున్నారండి మీ ఆయన కోసం" అన్నారు. ప్రార్థన చెయ్యమని ఈయన ఎప్పుడో పాస్టరుగారి చెవిలో చెప్పారట. ప్రార్థన అంశం కదా, ఆయన ఆడవాళ్ళకి చెప్పారు. ఆడవాళ్ళు అమలాపురానికి చెప్పారు. నాకు తెలుసనే అందరూ అనుకున్నారు. భార్యకి, అందులోనూ నర్సుకి, తెలియకుండా ఉంటుందా?

వచ్చినవాళ్ళందరికీ గారెలు వడ్డించాను. చట్నీ సరిపోయిందా అని అడిగాను.

జూలై 27

మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు. చర్చికి వెళ్ళలేదు.

జూలై 28, సోమవారం

పొద్దున్న ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. "నా ముక్కు కేసి చూడండి" అన్నాను. ఎందుకని అడగలేదు, చూశారు. "వేలు కనపడగానే చెప్పండి" అన్నాను. ఎన్ని వందలమందికి చేశాను ఈ పరీక్ష! కుడి పక్కనుంచి వేలు తెచ్చాను. చెవి దాటగానే "ఆఁ" అన్నారు. ఎడమ పక్కనుంచి తెచ్చాను. చెవి దాటింది. కణత దాటింది. కంటి ముందుకి వచ్చింది. ఆయన బుద్ధిగా నా ముక్కే చూస్తున్నారు. నా వేలు దాదాపు ఆయన ముక్కు దగ్గరికి వచ్చేసింది.

"వేలు పెట్టేవా?" అని అడిగారు.

చెయ్యి దించేశాను. ట్రాక్టరు, అద్దం, అక్విడక్టు, ఉలికిపాటు, భోజనాల బల్ల, ధూళి అన్న ఆ కంటి డాక్టరు చుక్కలు. ఒక్కొక్కటీ వచ్చి నా మొహం మీద కొట్టినట్టయింది. ఆసుపత్రి అంతా నా కళ్ళు చూసి మెచ్చుకునేది, దీనా సిస్టరు ఏదీ వదలదని. ఇంట్లో మనిషి కన్ను పోతుంటే ఆయన నన్ను చూడడం లేదని అలిగాను.

"కారులో నేను మీకు ఏ పక్కన కూర్చుంటాను?" అన్నాను. నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఎడం పక్క."

"కనపడతానా?"

"గొంతు వినపడుద్ది" అన్నారు. "గాజులు వినపడతాయి. చూడాలంటే మెడంతా తిప్పాలి. మెడ తిప్పితే రోడ్డు పోతుంది."

తర్వాత ఆయనే మొదలెట్టారు. ఆయన అంత మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"ఎడమచేతి స్టీరింగయితే నేను ఎడం పక్క ఉంటాను, నువ్వు నా కుడి పక్కకి వస్తావు. కంటి చివరనైనా కనపడతావు. కొండలొచ్చినప్పుడు నువ్వు ఎలా చూస్తావో చూడాలని. అంతే. పిచ్చిగా ఉంది కదా?"

"రోడ్డు కుడి పక్కన నడపాలి అక్కడ" అన్నాను.

"తెలుసు."

"ఎదురొచ్చే బళ్ళన్నీ మీకు ఏ పక్కనించి వస్తాయి?"

ఆయన ఆలోచించారు. లెక్కల మాస్టారు కదా, మెట్టు మీద వేలితో గీత గీశారు. ఒక బండి ఇటు, ఒక బండి అటు. వేలు ఆగిపోయింది.

"ఎడం పక్కనించి" అన్నారు.

"మరి?"

"రోడ్డు సంగతి నేను ఆలోచించలేదు దీనా. నువ్వు ఏ పక్క ఉంటావనే చూసేను."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇప్పుడు నిజంగా వచ్చింది. ఇన్నాళ్ళూ లేదు లేదని రాసిందంతా కూడా కలిపి వచ్చింది. "ఇద్దర్నీ చంపేసేవారు! ఎదురొచ్చేవాళ్ళని కూడా చంపేసేవారు! ఎవరి పిల్లల్నో కూడా!" అని అరిచాను. పక్కింటివాళ్ళు వింటే విననీ. ఇంక అమలాపురంలో దాచడానికి ఏముంది? ఇంత తెలివితక్కువ మనిషిని నేను నా ఉద్యోగంలో ఎక్కడా చూడలేదు. అరుస్తూనే ఏడ్చేశాను. నన్ను చూడడానికి ఒక మనిషి దేశం మార్చాడు, కారు మార్చాడు, రోడ్డు మర్చిపోయాడు. ఇరవైలలో ఎవరైనా నా కోసం ఇలాంటి పిచ్చిపని చేసి ఉంటే బావుండుననుకునేదాన్ని. ఆ వయసులో ఈయన నెలకో ఉత్తరం, అందులో షైనీ మార్కులు.

"నాకెందుకు చెప్పలేదు? పాస్టరుగారికి చెప్పగలిగేరు."

"ఆయన ప్రార్థన చేసి ఊరుకుంటారనుకున్నాను" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "నీకు చెప్తే నర్సువి అయిపోతావు. మందుల డబ్బా పట్టుకుని నా మంచం పక్కన నిలబడతావు. జీవితమంతా ఎవరెవరి మంచాల పక్కనో నిలబడే ఉన్నావు. నా పక్కన కూర్చోవాలని" అన్నారు.

పీట జరిపి కూర్చున్నాను. ఏ పక్కో రాయక్కర్లేదు.

ఆగస్టు 1, శుక్రవారం

రాజమండ్రి వెళ్ళాం. మన కారు తియ్యనివ్వలేదు నేను. టాక్సీ నడిపే మాణిక్యాలరావు కారు మాట్లాడాం. మాణిక్యాలరావు ముందు తలుపు తీసి పట్టుకున్నాడు, ఈయన ముందు కూర్చున్నారు. నేను ఫైళ్ళతో, నీళ్ళ సీసాతో వెనక కూర్చున్నాను. మా ఊళ్ళో మొగుడెప్పుడూ డ్రైవరు పక్కనే, పెళ్ళాం ఎప్పుడూ సామాన్లతోనే. దారి పొడుగునా వాళ్ళిద్దరూ కొబ్బరి రేటు మాట్లాడుకున్నారు.

కళ్ళ డాక్టరు చిన్నపిల్ల. తిప్పి తిప్పి చెప్పకుండా చెప్పింది. ఎడమ కంట్లో పోయింది తిరిగి రాదు. కుడి కంట్లో కూడా ముక్కు వైపు అంచు పోయింది. చుక్కల మందు మానకుండా వేస్తే కుడి కన్నుని నిలబెట్టే ప్రయత్నం చేస్తాం. ఎన్నాళ్ళు నిలబడుతుందో మాత్రం చెప్పలేం. కారు ఇంక ఎప్పటికీ నడపకూడదు. నేను నర్సులా ప్రశ్నలు అడిగాను, నర్సులా రాసుకున్నాను. ఆయన గోడ మీద అక్షరాల బోర్డు కేసి చూస్తున్నారు, పై వరస.

బయటికి వచ్చాక, "నువ్వూ షైనీ వెళ్ళండి. బెన్నీ మంచోడు" అన్నారు. వెళ్ళాలో వద్దో నాకు తెలియలేదు. ఆయన లేకుండా మంచుకొండ నాకెందుకు? ఆయనతో వెళ్ళి, దారిలో ఆ కన్నుకి ఏదైనా అయితే? మందు మర్చిపోతే? నా బుర్ర నిండా మందులూ విమానాలూ కలగాపులగం అయిపోయాయి. కారెక్కి వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

మాణిక్యాలరావు ముందు తలుపు తీశాడు. మూసుకున్న చప్పుడు వినిపించింది. నా పక్క తలుపు తెరుచుకుంది.

"జరుగు" అన్నారు.

"ముందు కూర్చోండి సార్, వెనక ఇరుకండి" అన్నాడు మాణిక్యాలరావు కంగారుగా.

"పర్లేదు" అన్నారు ఈయన. నేను కుడి పక్కకి జరిగాను. ఫైళ్ళూ నీళ్ళ సీసా ముందు సీట్లోకి వెళ్ళిపోయాయి. మాణిక్యాలరావు అద్దంలోంచి ఒకటి రెండుసార్లు చూసి, తర్వాత చూడడం మానేశాడు.

జొన్నాడ దగ్గర వంతెన ఎక్కాం. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ఒడ్డు నుంచి ఒడ్డుకి నిండుగా, చెట్లు కొట్టుకుపోతున్నాయి. "గోదావరి చూడండి" అన్నాను.

"పుట్టినప్పట్నించీ చూస్తున్నాను" అన్నారు. తల తిప్పలేదు. నా కేసే ఉంది తల. రావులపాలెం దాటి కొత్తపేట వచ్చేదాకా అలాగే కూర్చున్నారు. నాకు సిగ్గేసింది. ఈ వయసులో, మాణిక్యాలరావు ముందు. చీర కొంగు సర్దుకుంటే, "బావుంది, సర్దక్కర్లేదు" అన్నారు.

ఆగస్టు 4, సోమవారం

చుక్కలు ఆయనే వేసుకున్నారు. సీసా నేను అందుకోబోతే "నువ్వు కూర్చో" అన్నారు. కూర్చున్నాను. ఒక చుక్క బుగ్గ మీద పడింది. ఇంకోటి వేసుకున్నారు. చేతులు కట్టుకుని చూస్తూ ఉండడం ఎంత కష్టమో నాకు ఇన్నేళ్ళలో ఎవరూ నేర్పలేదు.

ఆయన కళ్ళు మూసుకుని కూర్చుని ఉండగా బెన్నీకి ఫోన్ చేశాను.

"చెప్పండాంటీ! ఏ కారు అనుకున్నారండి చివరికి?"

"ఏదైనా సరే బాబూ. నడిపేవాడితో సహా కావాలి."

"సారు నడపరాండీ?"

"నడపరు."

"ఆయ్, అలాగేనండి. మంచి కుర్రోడున్నాడండి ఇక్కడ, కొండలన్నీ కొట్టినపిండి. సారుని ముందు సీట్లో కూర్చోబెట్టేద్దామండి, మంచుకొండలన్నీ సారుకి బాగా కనపడతాయి. వెనక నించి ఏం కనపడవాంటీ."

ఈయన కళ్ళు తెరవలేదు. వింటున్నారని నాకు తెలుసు.

"వద్దు బాబూ" అన్నాను. "సారు వెనకే కూర్చుంటారు, ఎడం పక్కన. నేను కుడి పక్కన. కొండలు ఏ పక్క వచ్చినా పర్లేదు."